ఏదో ఒక బోల్టు

మా పెద్దమ్మ ఏం పని చేసేదో చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. ఓడల మీంచి పెద్ద పెద్ద ఇనప డబ్బాలు ఎత్తి ఒడ్డున దింపే క్రేన్లు రేవులో ఉంటాయి కదా, వాటిలో ఒకదాని మీద, గాల్లో వేలాడుతున్నట్టుండే చిన్న గది ఆమెది. ఆ గదికి గోడలు అద్దాలే, నేల కూడా అద్దమే. కుర్చీలో కూర్చుని, రెండు వైపులా ఉన్న పిడులు పట్టుకుని, తన పాదాల మధ్యలోంచి కిందికి చూసుకుంటూ పని చేయాలి. అక్కణ్నుంచి లారీలు అగ్గిపెట్టెల్లా ఉంటాయి, మనుషులు ఉన్నారో లేదో కూడా అనుమానమే. రేవులో పనివాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిచేవారు కాదు. పైనావిడ అనేవారు. "పైనావిడకి చెప్పారా?", "పైనావిడ ఒప్పుకోవాలిగా" అని వాళ్లు మాట్లాడుకుంటుంటే, కొత్తగా చేరినవాళ్లు వీళ్లకి భక్తి ఎక్కువ కాబోలు అనుకునేవారు.

పైనావిడ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "దిగడానికి తీరిక దొరకలేదే" అనేది. చెల్లెలి ఇంట్లో, అంటే మా ఇంట్లో, వెనక గదిలో ఉండేది. ఆ గది కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదు. రోజంతా సముద్రాన్ని చూసి వచ్చే మనిషికి అదే హాయి అని మేమంతా అనుకున్నాం. ఎవరమూ ఆమెను అడగలేదు, అది వేరే సంగతి.

ఆమెకు ఒకే ఒక్క కోరిక. ఆ ఓడల్లో ఒకటెక్కి, తను ఎత్తిన డబ్బాలు ఎక్కడికి పోతాయో ఒక్కసారి కళ్లారా చూడాలి. కొన్ని సరుకుల ఓడలు ఒకరిద్దరు ప్రయాణికులను కూడా ఎక్కించుకుంటాయట. ఉద్యోగం నుంచి దిగిన మర్నాడే ఓడెక్కేస్తానని, రేవు రేవుకీ ఆగుతూ ప్రపంచం చుట్టి, మళ్లీ ఓడ మీదే ఇంటికి వస్తానని చెప్పేది. అన్నం తింటూ తింటూ మధ్యలో చెయ్యి ఆగిపోయేది, చూపు గోడను దాటి ఎక్కడికో వెళ్లిపోయేది. "అక్కా, అన్నం ఆరిపోతోంది" అని మా అమ్మ కేకేస్తే తిరిగొచ్చేది.

మా నాన్న ఈ కోరికని ఆటపట్టించేవాడు. "అక్కడ మాత్రం ఏముంటుంది వదినా? ఇక్కడున్న నీళ్లే అక్కడా ఉంటాయి" అనేవాడు. నాన్నది పొదుపు పథకాలు అమ్మే పని. నెలనెలా ఇంత కట్టండి, ఇరవై ఏళ్లకి ఇంత వస్తుంది అని చెప్పి జనాన్ని చేర్పించే ఏజెంటు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, తేనె పూసినట్టుండే మాట. మా వీధిలో ఆయన దగ్గర పథకం తీసుకోని ఇల్లు లేదు. అందరికన్నా ముందు తీసుకుంది మా పెద్దమ్మే. మరిది కదా, కాదంటే బాగోదు. అదీగాక ఆ కాగితం మీద ఓడ బొమ్మ ఉందని మురిసిపోయింది. ఆ బొమ్మ ఆ కంపెనీ గుర్తు మాత్రమేనని ఎవరైనా ఆమెకు చెప్పాల్సింది.

నా చిన్నప్పుడు ఒకసారి ఉద్యోగుల పిల్లలను రేవులోకి రానిచ్చారు. పెద్దమ్మ నన్ను పైకి తీసుకెళ్లింది. అద్దం నేల మీద అడుగు పెట్టగానే ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ ఉదయం మంచు దట్టంగా కమ్మింది. కింద రేవు లేదు, ఓడ లేదు, తెల్లగా మంచు మాత్రమే కదులుతోంది. ఆ తెలుపులోంచి తాళ్ల చివర ఒక ఎర్ర డబ్బా మెల్లగా పైకి వచ్చింది, నిద్రలోంచి లేచొచ్చినట్టు. తర్వాత ఒక నీలం డబ్బా. తర్వాత పచ్చది. "లోపల ఏముంటుంది పెద్దమ్మా?" అన్నాను. "తెలీదే. తెరవం. తెరిచి, ఇది బాగుంది అది బాలేదు అని ఏరుకుంటూ కూర్చుంటే ఓడ కదలదు. వచ్చినవన్నీ ఎత్తడమే" అంది. ఆమె గొంతు జోలపాటలా ఉంది. నేను ఆ కుర్చీ పక్కనే కునుకు తీశానని అమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

వచ్చినవన్నీ ఎత్తడమే అన్న మాటను పెద్దమ్మ నాకే చెప్పింది గానీ, తనకి మాత్రం చాలా ఏళ్ల తర్వాత అర్థమైనట్టుంది.

ఒకరోజు ఓడ మీంచి ఎత్తిన డబ్బాకు అడుగున మూల తుప్పుపట్టి చిన్న కన్నం పడింది. లోపల ఏదో ధాన్యం. డబ్బా గాల్లో ప్రయాణం చేసినంత మేరా సన్నటి గీతలా గింజలు రాలాయి, రేవులోని పావురాలన్నీ ఆ గీత వెంట బారులు తీరాయి. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరి తప్పూ లేదు, కన్నం ఉంది అంతే. ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంటికొచ్చి చేతులు కూడా కడుక్కోకుండా "మరిదిగారూ, నా పథకంలో ఏడాదికి ఎంత పోతోంది?" అని అడిగింది.

"పోవడమేంటి వదినా? పెరుగుతోంది" అన్నాడు నాన్న.

"పెరిగేది కాదండీ. ఖర్చులకని ఎంత తీస్తున్నారు?"

నాన్న నీళ్లు నమిలాడు. తర్వాత చెప్పాడు. నిర్వహణ ఖర్చు, ఏజెంటు కమీషన్, ఇంకేదో రుసుము. ఒక్కోటి చూస్తే గోరంత. కానీ అన్నీ కలిపి, ఏడాది మీద ఏడాది, ఇరవై ఏళ్ల పాటు రాలితే పావురాలే బలుస్తాయని పెద్దమ్మకి తెలిసిపోయింది. నాన్నని ఒక్క మాట అనలేదు. ఆ పథకం మూసేసింది.

మా ఇంట్లో అంత గొడవ అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. సొంత వదినే మానేస్తే వీధిలో తనకి పరువేం మిగిలిందని నాన్న మూతి ముడుచుకున్నాడు. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయింది. పెద్దమ్మ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. రెండు ఓడల మధ్య ఖాళీలో, ఆ అద్దాల గదిలో కూర్చుని, ఫోన్‌లో చదివి చదివి ఒక ఫండు పట్టుకుంది. అది మా దేశంలోది కాదు. ప్రపంచంలో ఉన్న పెద్ద కంపెనీలన్నిటిలోనూ, వాటి వాటి పరిమాణాన్ని బట్టి, కొంచెం కొంచెం కొనిపెట్టుకునే ఫండు. ఏది మంచిదో ఏది చెడ్డదో ఎంచడానికి అక్కడ పెద్ద పెద్ద జీతగాళ్లు ఉండరు. అందుకే ఖర్చు కూడా నామమాత్రం. లాభంగా వచ్చేదాన్ని చేతికివ్వకుండా మళ్లీ లోపలే పెట్టేస్తుంది. ఇక్కణ్నుంచి డబ్బు పంపిన ప్రతిసారీ బ్యాంకు తన వంతు పట్టుకుంటుంది కాబట్టి, నెలనెలా పంపకుండా కొన్ని నెలలది కూడబెట్టి ఒకేసారి పంపేది.

"మన దేశంలో కంపెనీలు లేవా?" అన్నాడు నాన్న. అది మాట కాదు, పోట్లాట.

"ఉన్నాయండీ. మన చిన్న దేశంలో అన్నీ కలిపితే ఒక బస్సుకి సరిపోతాయి" అంది పెద్దమ్మ. "రేవు మూతపడితే నా జీతం పోతుంది. ఆ బస్సులో సగం కంపెనీలు రేవు మీదే బతుకుతున్నాయి. రెండూ ఒకేసారి మునిగితే నేనెక్కడ తేలను?"

మాట పడ్డప్పుడు నాన్న పేపరు చదువుతాడు. చదివాడు.

ఆ రోజుల నుంచి పెద్దమ్మకి ఒక రకమైన మైకం పట్టుకుంది. ఇంట్లో ఏ వస్తువు చూసినా ఆగిపోయేది. గదిలో బల్బు వెలిగించి దాని వంకే చూస్తూ నిలబడేది. "ఇది చేసిన కంపెనీలో మనకీ పొడంత వాటా ఉందే" అనేది. పళ్లు తోముకునే పేస్టులో ఒక పొడి, నా కళ్లజోడు అద్దంలో ఒక పొడి, ఆకాశంలో గీత గీసుకుంటూ పోయే విమానంలో ఒక పొడి. వాన వస్తే గొడుగులు చేసేవాళ్లు గుర్తొచ్చేవారు. నాకు ముక్కు మీద కోపం. "ఆ పొడులన్నీ పోగేస్తే ఒక చెంచా అవుతుందా పెద్దమ్మా?" అని కసిరాను ఒకసారి. "ఓడ టిక్కెట్టు అవుతుంది" అంది. అని నవ్వింది. "తమాషా చూశావా, ఇన్నేళ్లుగా ఎక్కుతున్నాను, ఆ క్రేన్‌లో ఒక్క బోల్టు కూడా నాది కాదు."

ఇక్కడ ఆమె పనిలోని రెండు కట్టుబాట్లు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మొదటిది ఊపు. తాళ్ల చివర వేలాడే డబ్బా ఊగుతుంది. కొత్తవాళ్లు కంగారుపడి అది అటు పోతే ఇటు లాగుతారు, ఇటొస్తే అటు లాగుతారు. ఊపు ఇంకా పెరిగి కిందనున్న వాళ్ల ప్రాణం మీదికొస్తుంది. నేర్చుకునేవాళ్లకి పెద్దమ్మ చెప్పేది ఒకటే, "పట్టడం రాకపోతే చేతులు ఒళ్లో పెట్టుకో, దానంతటదే ఆగుతుంది". రెండోది గాలి. గాలి ఒక హద్దు దాటిందంటే సైరన్ మోగుతుంది. అప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు. పట్టాల మీద నడిచే ఆ క్రేన్ గాలికి జారిపోకుండా, దాని కాళ్ల దగ్గర లావుపాటి ఇనప మేకులను నేలలోని గుంటల్లోకి దించుతారు. పైనున్న మనిషి అన్నీ వదిలేసి దిగిపోవాలి. ఇన్నేళ్లలో ఆ సైరన్‌కు పెద్దమ్మ ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. సైరన్ మోగితే ముందు కాళ్లు లేస్తాయి, తర్వాతే తను లేస్తానని చెప్పేది.

ఆమె రిటైర్మెంటుకి ఇంకా కొన్నేళ్లు ఉందనగా, లోకమంతటా మార్కెట్లు జారడం మొదలుపెట్టాయి. టీవీలో ఎర్ర అంకెలు. మొదట్లో పెద్దమ్మ కదలలేదు. "ఊపు" అంది. చేతులు నిజంగానే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రేవులో ఓడలు తగ్గాయి. వీధిలో ఒకరిద్దరికి ఉద్యోగాలు పోయాయి. అంకెలు ఇంకా జారాయి. ఆమె నిద్రలో ఏదో గొణిగేదని అమ్మ చెప్పింది. అయినా కదలలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం గాలి లేచింది. సైరన్ మోగింది. పెద్దమ్మ క్రేన్‌ను గుంటల దగ్గరికి చేర్చి, మేకులు దిగాయని కిందివాళ్లు చెయ్యూపగానే మెట్లు దిగింది. అందరూ తలదాచుకునే రేకుల గదిలో బెంచీ మీద కూర్చుంది. బయట ఇంకా సైరన్ కూస్తోంది. ఫోన్ తీసింది. ఆ రోజు అంకెలు అంతకుముందెన్నడూ లేనంత కింద ఉన్నాయి. ఆమె కాళ్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి కాబోలు. తన దగ్గరున్న దాంట్లో మూడో వంతు ఆ బెంచీ మీదే అమ్మేసింది. గాలి ఆగేలోపు అమ్మకం అయిపోయింది.

ఇంటికొచ్చి తనే చెప్పింది. మొహం పాలిపోయి ఉంది. "ఇది ఊపు కాదు. గాలే. రేపు మిగతాది కూడా దింపేస్తాను" అంది. పెద్ద మొత్తం కాబట్టి ఫోన్‌లో కుదరదట, ఊరి మధ్యనున్న బ్రోకరు ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టాలట. ఆమె అమ్మబోయేది అంకెలు కాదు, ఓడ. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని "నేనూ వస్తాను వదినా" అన్నాడు. ఇంకేముంది, డబ్బు బయటికి రాగానే తన పథకంలో పెట్టించడానికే అనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుంది, ఆయన వంక గుడ్లురిమి చూసింది. ఏదైతే అదవుతుందని నేనూ వాళ్ల వెంట నడిచాను.

దారంతా గాలి సద్దుమణిగి ఉంది. రోడ్డు నిండా విరిగిన కొమ్మలు, ఎగిరొచ్చిన రేకు ముక్కలు. పెద్దమ్మ నిద్రలో నడుస్తున్నట్టు నడుస్తోంది. నాన్న కాసేపు గొంతు సవరించుకుని, ఊసుపోకకి అడిగినట్టు అడిగాడు.

"నిన్న గాలికి మీ క్రేన్‌కేం కాలేదు కదా వదినా?"

"దానికేమవుతుంది? మేకులు వేశాంగా."

"ఎక్కడుంది ఇప్పుడు?"

పెద్దమ్మ విసుక్కుంది. "ఎక్కడుంటుందండీ? ఉన్నచోటే ఉంది."

"మీరు దిగారు. అది దిగలేదు."

"అదెలా దిగుతుంది?"

"గాలొచ్చిందని బోల్టులు విప్పేసి తూకానికి అమ్మేయలేదు కదా అంటున్నాను" అన్నాడు నాన్న. ఆయన గొంతులో తేనె లేదు. చిరాకుగా, దాదాపు తిడుతున్నట్టుగా ఉంది. "నాకు మీ ఫండు గురించి తెలీదు. నచ్చదు కూడా. నా దగ్గర పథకం మానేసి అందులో పెట్టారు, ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ ఉంది. కానీ మీరు చెప్పే రెండు ముక్కలూ ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను. ఊపొస్తే ముట్టుకోం, గాలొస్తే మేకేసి దిగిపోతాం. అమ్మేయడం అనేది ఈ రెండిట్లో ఎక్కడుంది?"

పెద్దమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఒక సైకిల్ వాడు బెల్లు కొట్టి తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. ఆమె తన రెండు చేతులనూ అప్పుడే చూసినట్టు చూసుకుంది. తర్వాత ఫోన్‌లోంచి ఆ అంకెలు చూపించే యాప్‌ను తీసేసి, ఫోన్‌ను నాన్న చేతిలో పెట్టింది.

"నేను అడిగినా ఇవ్వకండి" అంది.

"భోజనాల వేళకిస్తాను. లేకపోతే రేవువాళ్లు నన్ను తిడతారు" అన్నాడు నాన్న.

బ్రోకరు ఆఫీసు దాకా వచ్చి, దాని ఎదురుగా ఉన్న కొట్లో ముగ్గురం టీ తాగి వెనక్కి వచ్చేశాం. నాన్నంటే నాకు అంత ఇష్టం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే నాకూ ఒక పథకం అంటగట్టేవాడు.

మార్కెట్లు ఎప్పుడు తేరుకున్నాయో మాకు సరిగ్గా తెలీదు, ఎందుకంటే చూడటం మానేశాం. మేకులు వేసిన క్రేన్‌లా ఆ రెండు వంతులూ ఉన్నచోటే ఉండి, పెరగాల్సిన రోజున పెరిగాయి. అమ్మేసిన మూడో వంతు బ్యాంకులో ఉండిపోయింది. మళ్లీ కొందామనుకునేసరికి ధర చేజారిపోయింది. పెద్దమ్మ రిటైరైన రోజు లెక్క చూసుకుంటే, ఓడ మీద ప్రపంచం చుట్టి ఓడ మీదే ఇంటికి రావడానికి చాలలేదు. వెళ్లడానికి సరిపోయింది. తిరిగి రావడానికి లేదు.

"ఆ రేకుల గది బెంచీ మీద కూర్చున్నందుకు" అంది ఆమె, తన మీద తనే నవ్వుకుంటూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వెళ్లనంటుందేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం నాన్న బయటికెళ్లి ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో తిరుగు ప్రయాణానికి విమానం టిక్కెట్టు ఉంది. పెద్దమ్మ ససేమిరా అంది. మరిది సొమ్ము ముట్టుకోనంది.

"నా సొమ్మెందుకవుతుంది?" అన్నాడు నాన్న, కిటికీ వైపు తిరిగి. "మొదట్లో మీ పథకం మీద నేను తిన్న కమీషన్. మీ గింజలే వదినా. పావురం తిరిగిస్తోంది, తీసుకోండి."

ఎప్పుడు విన్నాడో ఆ పావురాల సంగతి. ఇన్నేళ్లూ ఎక్కడ దాచుకున్నాడో. పెద్దమ్మ కవరు తీసుకుని చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది.

ఓడెక్కాక ఆమె దగ్గర్నుంచి చాలా రోజులు కబురే లేదు. సముద్రం మధ్యలో ఫోన్లు పనిచేయవు. అమ్మ రోజూ ఆ వెనక గది ఊడ్చి, కిటికీ తెరిచి, గోడను చూసి మూసేసేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా నా ఫోన్‌కు ఆమె గొంతుతో ఒక వాయిస్ మెసేజి వచ్చింది. వెనకాల గాలి, ఏదో గంట, అర్థంకాని భాషలో అరుపులు. ఫోన్ మధ్యలో పెట్టి ముగ్గురం విన్నాం.

"పిల్లా, ఏదో రేవుకొచ్చామే. పేరు నోరు తిరగట్లేదు. మంచు పట్టి ఉంది. మన డబ్బాలే దింపుతున్నారు, నేను ఎత్తినలాంటివే. కింద నుంచి చూడటం ఇదే మొదటిసారి. ఎంత నెమ్మదిగా దిగుతున్నాయనుకున్నావు! ఆ పైన ఎవరో పిల్లాడు, ఊపొస్తే చేతులు తీసేస్తున్నాడు, బాగా చేస్తున్నాడు. క్రేన్ మీద కంపెనీ పేరు ఇంతింత అక్షరాలతో రాశారు. మన ఫండులో ఉన్న పేరేనే. నేను చూశాను, ఉంది." గాలి హోరెత్తితే గొంతు పెంచింది. "అందులో ఒక బోల్టు నాది. ఏ బోల్టో తెలీదు. ఏదో ఒకటి నాదే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న చెయ్యి కంచంలో అలాగే ఆగిపోయింది. చూపు గోడను దాటి ఎక్కడికో వెళ్లిపోయింది.

"గట్టిగా బిగించారో లేదో చూసుకోమను" అన్నాడు చివరికి.

ఆ మాటే టైపు చేసి పెద్దమ్మకి పంపాను.